కుందేలు మామకి చెప్పిన మాట

టీవీలో ఆ కుందేలు కనిపించిందంటే చాలు, లిఫ్టు మెకానిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. అది నిజం కుందేలైనా కాదు. ఎవరో చేతికి తొడుక్కున్న గుడ్డబొమ్మ. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి, తలమీద పోస్ట్‌మాన్ టోపీ. సాయంత్రం అయిదున్నరకి వచ్చి "అరటిపండు ఏ రంగు?" అని అడిగి, గాజుకళ్ళతో చూస్తూ ఊరుకుంటుంది. ఏడు సెకన్లు. అతను గడియారం పెట్టి మరీ లెక్కపెట్టాడు. ఏడో సెకను దాటగానే "భలే చెప్పావు! నువ్వు నా బంగారానివి!" అని తలూపుతుంది. పిల్లలు పసుపన్నా భలే, నలుపన్నా భలే, ఏమీ అనకుండా ముక్కులో వేలు పెట్టుకున్నా భలే.

"పొగడ్తలు ఇంత చవగ్గా దొరికితే పిల్లలు బాగుపడినట్టే," అనేవాడు భార్యతో. పిల్లలందరూ దాన్ని కుందేలు మామ అంటారు కాబట్టి వరస ప్రకారం అది అతనికి బావమరిది అయింది. "మీ తమ్ముడొచ్చాడు, వెళ్ళి మర్యాదలు చూడు," అని ఎగతాళి చేసేవాడు.

ఆవిడ ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. సూది చూసి హడిలిపోయే జనాన్ని రోజంతా బుజ్జగించి ఇంటికొస్తుంది. "మా తమ్ముడే నయం. వాడున్న అరగంటైనా నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నాను. మీరేం ఒరగబెట్టారు?" అనేది.

ఆ ఎగతాళి ఆగిపోయి మూడు వారాలైంది.

వాళ్ళ కూతురికి నాలుగేళ్ళు. నిద్రలేచింది మొదలు కళ్ళు మూసేదాకా నోటికి తాళం ఉండేది కాదు కాబట్టి వసపిట్ట అని పేరు పడిపోయింది. అలాంటి పిల్ల ఒక ఆదివారం పొద్దున లేచి మాట్లాడటం మానేసింది. ఆకలేస్తోందా అంటే తల ఊపుతుంది. ఎక్కడైనా నొప్పా అంటే తల అడ్డంగా తిప్పుతుంది. బతిమాలారు, బొమ్మలు కొన్నారు, కోప్పడి చూశారు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. డాక్టరు చెవుల్లోకీ గొంతులోకీ లైటు వేసి చూసి, అంతా శుభ్రంగా ఉందన్నాడు. నర్సరీ టీచరైతే ముక్కున వేలేసుకుంది.

"మాట్లాడటం లేదా? మా దగ్గర దాని నోరు మూయించలేక తల ప్రాణం తోకకొస్తోందండీ!"

అంటే లోకంతో మాట్లాడుతోంది. అమ్మతోనూ నాన్నతోనూ తప్ప. అది విన్నాక లిఫ్టు మెకానిక్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు. జబ్బైతే మందు ఉంటుంది. ఇదేమిటో తెలిస్తే కదా.

ఇంట్లో అది నోరు విప్పేది ఒక్క కుందేలు దగ్గరే. అయిదున్నర కాగానే టీవీ దగ్గరికంటా జరిగి, తెరకి మూతి ఆనించి గుసగుసగా జవాబులు చెప్పేది. భార్యాభర్తలిద్దరూ వంటగది తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. కన్నకూతురి గొంతు వినడానికి సొంత ఇంట్లో దొంగల్లా నక్కాల్సి వచ్చింది. "ఆ రంగులూ అంకెలూ మానేసి దానికేమైందో అడగవయ్యా బాబూ," అని అతను పళ్ళ సందున కుందేల్ని బతిమాలేవాడు. కుందేలు మాత్రం "ఆవుకి ఎన్ని కాళ్ళు?" అని అడిగేది.

ఆవిడ పరువు పక్కన పెట్టి టీవీ వాళ్ళకి ఉత్తరం కూడా రాసింది. అయ్యా, మా అమ్మాయి మీ బొమ్మతోనే మాట్లాడుతోంది, ఒక్కరోజు మీ బొమ్మ చేత 'ఇంట్లో ఎందుకు మాట్లాడటం లేదు' అని అడిగించండి అని. పది రోజులకి కుందేలు ఫొటో ఒకటి వచ్చింది. నీ ఉత్తరం చదివి గంతులేశాను అని రాసి, కింద సంతకం. ఆవిడ ఆ ఫొటో పట్టుకుని నవ్వింది, తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

లిఫ్టు మెకానిక్‌కి వచ్చిన విద్య ఒకటే. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల చిక్కుకున్నవాళ్ళతో ఇంటర్‌కమ్‌లో మాట్లాడుతూ ఉండాలి. ఒక్కొక్క ప్రశ్నే అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. పదిహేనేళ్ళుగా చేస్తున్నాడు. కేకలు పెట్టేవాళ్ళు కూడా అతని గొంతు విని కుదుటపడి ఊరూ పేరూ చెప్పేవాళ్ళు. అందుకని పాత ఇంటర్‌కమ్ ఒకటి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. స్పీకరు పెట్టె టీవీ వెనక దాచి, తీగ చాప కిందుగా వంటగదిలోకి లాగాడు.

"పసిదాన్ని మోసం చేస్తారా?" అంది ఆవిడ.

"ఇంకో దారి ఉంటే నువ్వు చెప్పు."

ఆవిడ వంగి తీగ మీద చాప సరిచేసింది.

ఆ సాయంత్రం కుందేలు చెయ్యి ఊపి వెళ్ళిపోగానే ఆవిడ టీవీ కట్టేసి వంటగదిలోకి వచ్చేసింది. అతను ముక్కుతో సన్నగా గొంతు పెట్టి, "వసపిట్టా! నేనింకా వెళ్ళలేదు," అన్నాడు.

తలుపు సందులోంచి చూస్తే, పిల్ల ఆరిపోయిన తెర ముందుకి మళ్ళీ వచ్చి కూర్చుంది. మొహం చాటంత అయింది.

"కుందేలు మామా! చీకట్లో ఉన్నావా?"

"అవును. నీతో మాట్లాడాలని ఉన్నాను. నువ్వు ఇంట్లో ఎందుకు మాట్లాడటం లేదు?"

ఆగాడు. ఏడు సెకన్లు కాదు, ఇరవై పైనే అయ్యాయి.

"నాన్నకి చెప్పవు కదా?"

భార్య అతని భుజం పట్టుకుంది. వద్దనో, కానివ్వమనో అతనికి తెలియలేదు.

"చెప్పను," అన్నాడు.

"నేను మాట్లాడితే నాన్న వెళ్ళిపోతాడు. ఆ రోజు చెప్పాడు. ఇంకొక్క మాట వినపడితే ఇల్లొదిలి పోతాను, మళ్ళీ రాను అన్నాడు. నేను మాట్లాడటం లేదు కదా, అందుకే రోజూ వస్తున్నాడు."

లిఫ్టు మెకానిక్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఒక శనివారం. రెండు షిఫ్టులు వరసగా చేసి, తల పగిలిపోతుంటే సోఫాలో పడుకున్నాడు. పిల్ల ఏదో పాట పాడుతూ సోఫా చుట్టూ తిరుగుతోంది. అన్నాడు. అని, పది నిమిషాల్లో నిద్రపోయాడు. పొద్దున లేచేసరికి అన్నమాటే మరిచిపోయాడు. పిల్ల మరిచిపోలేదు. ఇరవై ఒక్క రోజులుగా నోరు కట్టేసుకుని నాన్నని ఇంట్లో నిలబెట్టుకుంటోంది.

"అమ్మకి కూడా చెప్పకు మామా. అమ్మ నాన్నకి చెప్పేస్తుంది."

అతను జవాబు చెప్పాలి. అది కుందేలు గొంతుతో చెప్పేది కాదు. ఇంటర్‌కమ్ అక్కడే పడేసి పరుగున హాల్లోకి వెళ్ళి పిల్లని ఎత్తుకున్నాడు. "నేనెక్కడికీ పోనమ్మా! ఆ రోజు ఒళ్ళు తెలియక అన్నాను తల్లీ. మాట్లాడు. నీ ఇష్టం వచ్చినంత మాట్లాడు!"

పిల్ల అతని మొహం చూసింది. తర్వాత మెడ తిప్పి టీవీ వైపు చూసింది. నాలుగేళ్ళ పిల్ల కళ్ళల్లో అలాంటి చూపు ఉంటుందని అతను అనుకోలేదు. స్పీకరు పెట్టె బయటికి తీసి, అది నేనేనమ్మా అని చూపిద్దామనుకున్నాడు. చూపిస్తే తనే దొంగవుతాడు. ధైర్యం చాలలేదు. మాట తప్పిన కుందేలే దొంగైంది.

మర్నాడు డ్యూటీలో ఉన్నా, పిలుపు వస్తే వెళ్ళచ్చని మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. అయిదున్నరకి కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు. కుందేలు వచ్చి "ఆకాశం ఏ రంగు?" అంది. పిల్ల పెదవి మెదపలేదు. ఏడు సెకన్లూ గడిచిపోయాయి. "భలే చెప్పావు!" అంది కుందేలు. రెండో ప్రశ్నకీ అంతే. మూడోదానికీ అంతే. ఇంట్లో మిగిలిన ఆ కాస్త గుసగుసా పోయింది. పోగొట్టింది తనే. ఏం చెయ్యాలో తోచక, "గడ్డి ఏ రంగు?" అని అడగ్గానే అతనే గట్టిగా అరిచాడు.

"ఆకుపచ్చ!"

ఒక చిన్న అరచెయ్యి వచ్చి అతని నోరు మూసింది.

"చెప్పకు నాన్నా," అంది వసపిట్ట. "అది అందరికీ చెప్పేస్తుంది."

ఇరవై రెండు రోజుల తర్వాత నాన్నా అన్న పిలుపు. వంటగదిలో భార్య స్టవ్ కట్టేసి తలుపు దగ్గరికి వచ్చింది. అతను కదల్లేదు. కదిలితే ఎక్కడ చెదిరిపోతుందో అని ఆ చేతిని అలాగే మూతి మీద ఉండనిచ్చాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

అప్పుడే కంపెనీ ఫోను మోగింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఆయాసం ఉన్న ముసలాయన ఒక్కడే ఉన్నాడు. రెండో మెకానిక్ సెలవులో ఉన్నాడు. ఇంకెవరినైనా చూడమని అతను ప్రాధేయపడ్డాడు. ఎవరూ లేరన్నారు. వాళ్ళు లిఫ్టు ఇంటర్‌కమ్ కలిపితే ఫోనులోంచి ఆ ముసలాయన దగ్గు కూడా వినపడింది.

భార్య పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. అతను బూట్లు తొడుక్కుంటూ చెప్పాడు. "పని మీద వెళ్తున్నానమ్మా. గంటలో వచ్చేస్తాను. కోపమొచ్చి కాదు. నువ్వు మాట్లాడావని కాదు తల్లీ. నిజంగా కాదు." చెప్పేకొద్దీ అబద్ధంలా వినిపిస్తోందని అతనికే తెలుస్తోంది. అయినా నోరు ఆగలేదు. తలుపు తీశాక కూడా చెబుతూనే ఉన్నాడు.

పిల్ల ఏడవలేదు. అమ్మ ఒళ్ళోంచి దిగి తలుపు దాకా వచ్చి, అతని చొక్కా అంచు పట్టుకుంది.

"ఇంక మాట్లాడను నాన్నా," అంది.