వీపు మీది నూనె మాత్ర

మింగాల్సిన మాత్రను మొగుడి వీపుకు అంటించడం చూసేసరికి, మహాదేవమ్మకు ఆస్పత్రి మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

శివన్న బేతంచెర్లలో బండలు మోస్తాడు. ఆరు నెలలుగా నడుము నొప్పి. వెన్ను పక్కన లోతుగా గడ్డ ఉందనీ, అది ఎమ్మారైలో తప్ప మరెందులోనూ సరిగ్గా కనబడదనీ, ఆ మిషన్‌లో చూసుకుంటూనే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలనీ కర్నూలు డాక్టర్లు చెప్పారు.

"నొప్పి ఒకచోటైతే ఇంకోచోట కోసి కిడ్నీ తీసుకుంటారంట, కనిపెట్టుకోనుండు" అని తోటికోడలు విశ్వాసమ్మ రైలెక్కే ముందు చెవిలో ఊదింది. అందుకే మహాదేవమ్మ, మిషన్ గదిలోకి లోహమేదీ రాకూడదంటే మెట్టెలూ తాళీ తీసేసి, మెడలో పసుపుకొమ్ము కట్టుకుని మరీ లోపలికొచ్చింది.

శివన్న బోర్లా పడుకున్న బల్ల ఒకసారి మిషన్‌లోకి పోయి బయటికొచ్చింది. డాక్టరు మధులత పటాలు చూడటానికి అద్దాల గదిలోకి వెళ్లింది. మహాదేవమ్మ వంగి చూసింది. రోజూ తాను ఆముదం రుద్దే చోటు కుడిపక్కన. మాత్ర దానికి నాలుగు వేళ్లు ఎడంగా, వెన్ను దగ్గర.

మందు పట్టు నొప్పి ఉన్నచోట వేయాలని పసిపిల్లకైనా తెలుసు. గోటితో ప్లాస్టరు ఎత్తి, మాత్రను తెచ్చి నొప్పి మీద అదిమింది.

"ఏం చేస్తాండావే?"

"కదలొద్దన్యారు గదా. నోరు గూడా కదిలీకు."

అంతలో డాక్టరు వచ్చింది. "కొంచెం జరుగు పెద్దమ్మా. మాత్ర ఉన్నచోట గుర్తుపెట్టి సూది దించుతా."

"అది మందు గాదా?"

"కాదు. ఒంటి మీద యాడ గుచ్చాలో పటంలో తెలియాల గదా. నూనె మాత్రయితే తెల్లగా వెలుగుతాది. సూది లోపలికి పోయినాక నల్లగీత మాదిరి అగపడతాది."

మహాదేవమ్మ మాత్ర వంక చూసింది. చెప్తే వెన్ను పక్కన గుచ్చుతారు. చెప్పకపోతే గడ్డ లేనిచోట గుచ్చుతారు. డాక్టరు పెన్ను మూత తీసింది.

"మళ్లీ పటం తీస్తే మాత్ర యాడుండాదో తెలుస్తాదా మేడం?"

"తెలుస్తాది. ఏమి?"

"అయితే తీయండి. దాన్ని నేను జరిపినా."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఈమెను గూడా మిషన్‌లో పెట్టండి మేడం," కిందినుంచి శివన్న అన్నాడు. "తలకాయలో ఏముండాదో చూస్తాం."

మళ్లీ పటం తీసి, రెండూ పక్కపక్కన చూపించారు. మొదటిదాంట్లో తెల్లచుక్క కిందనే గడ్డ. రెండోదాంట్లో చుక్క కింద ఒట్టి కండ.

"మరి నొప్పి ఆడెందుకు?"

"గడ్డ నరాన్ని ఒత్తుతాంది. నొప్పి పక్కకు పాకుతాది." డాక్టరు గొంతులో ఓపిక అడుగంటింది. "అరగంట పోయింది పెద్దమ్మా. సూది దించినాక చెప్పింటే ఏమయ్యేది?"

మహాదేవమ్మ తల వంచుకుంది గానీ అడుగు కదపలేదు. డాక్టరు మాత్రను వెన్ను దగ్గర అంటించి, ఇంకోసారి పటం తీసి, గుర్తుపెట్టి, మత్తిచ్చి సూది దించింది. బల్ల లోపలికి పోయింది. అద్దాల గదిలో తెరమీద సన్నని నల్లగీత గడ్డలోకి దిగి ఉంది.

"పోయింది సరే. మళ్లీ బయటికొస్తాదా అది?"

"వస్తాది. నువ్వు బయట కూర్చోపో."

"నేను పోను."

సూది వచ్చింది. సీసాలో బియ్యపు నూకంత ముక్క వేశారు.

"ఇంతేనా తీసింది?"

"ఇంతే."

డాక్టరు అటు తిరగగానే మహాదేవమ్మ మొగుడి అంగీ పైకెత్తింది. వెన్ను పక్కన ఒకటే దూది, ఒకటే ప్లాస్టరు. ఇంకెక్కడా కోత కనబడలేదు. సంతలో వంకాయలు చూసినట్టు నడుముకు రెండు పక్కలా వేళ్లతో ఒత్తి ఒత్తి చూసింది.

"లే," అంది.