గొడుగు గుడ్డ షట్టరు

లేవి ఫోను నెహెమ్యాకు కాకుండా ఆయన భార్య రెజీనాకు వచ్చింది. అదే ఆమెకు కష్టంగా అనిపించింది.

"వందనాలమ్మా. నవంబరు రెండో ఆదివారం సంఘం ఫొటో. మరుసటి దినమే పత్తి పనికి గుంటూరు పక్కకు లారీలు పోతాయి. ఈ తూరి మా నవీను సెల్లులో తీస్తానంటాండాడు. అన్నకు ఎందుకులే శ్రమ అని..."

లేవి కోసిగి చర్చి సంఘ పెద్ద. మంచివాడు. మంచివాడు కాబట్టే ఇంతసేపు నసిగాడు.

"అన్నే తీస్తాడు," అంది రెజీనా. అనేశాక గానీ తానేమన్నదో ఆమెకు అర్థం కాలేదు.

నెహెమ్యా పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏడాదిన్నర కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి వచ్చింది. మాట తిరిగి వచ్చింది. కుడిచేతికి మాత్రం వణుకు మిగిలిపోయింది.

కోసిగి సంఘానికి ఫొటో తీయడం ఆయన తండ్రి ఏసేపు కాలం నుంచీ ఈ ఇంటి పని. అందరూ వలస పోయే ముందు ఆదివారం, ఊరంతా ఊళ్లో ఉండగానే, గుడి ముందు నిలబెట్టి తీస్తారు. ఆ పెద్ద కొయ్య కెమెరా లెన్సుకు షట్టరు లేదు. ఇత్తడి మూత ఒక్కటే. మూత తీసి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి, మళ్లీ మూయాలి. నిరుడు మూత తీస్తుంటే వణికే చేయి లెన్సుకు తగిలింది. ఎనభై మందికీ రెండేసి ముఖాలు వచ్చాయి. సంఘంలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఫొటోను మాత్రం గుడి గోడకు తగిలించలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి కెమెరా పెట్టెను మంచం కిందికి తోశాడు నెహెమ్యా. అప్పటి నుంచీ దేనికైనా "ఊ" అంటాడు, లేదా అదీ అనడు. కల్లూరులో వాళ్లకున్న జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోల కొట్టు రెజీనానే నడుపుతోంది. పొద్దున కొట్టు, సాయంత్రం కుట్టుమిషను, మధ్యలో ఆయన చేతికి వ్యాయామం, వంట. అన్నీ ఆమే చేసుకుంటుంది. చేయలేక కాదు, ఎదురుగా ఎవరూ మాట్లాడని ఇంట్లో చేయడంతో ఆమె అలిసిపోయింది. కూరలో ఉప్పు లేదని ఆయన ఒక్కసారి అరిచినా చాలుననుకుంటుంది.

మూతతో పని లేకుండా తీసే షట్టరొకటి ఉంటుందని ఆయనే ఒకప్పుడు చెప్పేవాడు. లెన్సు ముందు తగిలించే చిన్న చెక్కపెట్టె. లోపల పైనొకటి కిందొకటి రెండు సన్న రూళ్లకర్రలు, వాటికి చుట్టిన నల్లగుడ్డ, గుడ్డ మధ్యలో ఒక కిటికీ. సన్న గొట్టం చివరనున్న రబ్బరు బుడ్డి నొక్కితే స్ప్రింగు వదులుతుంది, గుడ్డ సర్రున కిందికి జారుతుంది. కిటికీ లెన్సును దాటే ఆ రెప్పపాటే వెలుగు లోపలికి పోతుంది. నొక్కడానికి ఏ చేయైనా ఒకటే.

ఆయన పాత డైరీ తీసి, అలాంటిది ఉందా అని స్టూడియోల వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఆదోని ఆయన ఫ్లెక్సీలు కొట్టుకుంటున్నాడు. నంద్యాల నంబరు ఎరువుల కొట్టు వాళ్లకు పోయింది. కడపలో స్టూడియో ఓబుళేశు కూతురు సుప్రజ ఎత్తింది. "నాయన పోయి నాలుగేండ్లాయ అక్కా. సామాను ఉండాది. వచ్చి చూసుకో," అంది.

కొట్టు మూసి, ఆయనకు అన్నం మూతపెట్టి, మొదటి బస్సుకే కడప పోయింది రెజీనా. ఐదు గంటల ప్రయాణం. దిగేసరికి మోకాళ్లు రెండూ బిగుసుకుపోయాయి.

సుప్రజ అలమర తలుపు తీసింది. కత్తెరలు, స్టాండ్లు, లైట్లు, అన్నిటికీ పసుపు, కుంకుమ.

"ఆయుధపూజకు మా అమ్మ పెడ్తాది. ఏది దేనికో మాకు తెల్దు. ఇదిగో, దీన్ని గడియారమనుకొని ఏటేటా బొట్టు పెడ్తాండాము."

అదే. మూలనున్న స్ప్రింగు మీట తిప్పి, గుడ్డను వేలితో ముట్టుకుంది రెజీనా. గుడ్డ పెళుసుగా విరిగి పొట్టులా రాలింది. రబ్బరు బుడ్డి కూడా రాయిలా గట్టిపడింది.

"అయ్యో, అదీ పాయ. ఇంత దూరం వచ్చినావు గదక్కా!"

"గుడ్డే కదమ్మా. గుడ్డ పని నాకు వస్తాది."

"తీస్కపో. ఈడుంటే బొట్లు తప్ప ఏం జరుగుతాది దానికి?" అని నవ్వి, దారిలో తినమని చిత్రాన్నం కట్టిచ్చింది సుప్రజ.

చీకటి పడే వేళకు ఇల్లు చేరి, షట్టరు పెట్టెను మంచం మీద ఆయన పక్కనే పెట్టింది. నెహెమ్యా చూశాడు. గుర్తుపట్టాడు కూడా.

"ఎవరు అడిగినారు నిన్ను?" అన్నాడు. గోడవైపు తిరిగాడు.

ఆమె కాళ్లకు నూనె రాసుకుని పడుకుంది. ఏడుపు రాలేదు. దానికి కూడా ఓపిక కావాలి.

ఆదివారం గుడి నుంచి వచ్చాక తన గొడుగు విప్పి ఎండకు పట్టింది. వెలుగు దూరడం లేదు. కొత్త గొడుగే, పోయిన వానల్లో కొన్నది. అయినా కత్తిరించింది. పాత గుడ్డ ముక్కలను కాగితం మీద పేర్చుకుని కొలత తీసింది. నాలుగు పక్కలా, కిటికీ చుట్టూ, సన్నగా అంచు మడిచి మిషను మీద కుట్టింది. అంత చక్కని కుట్టు పెళ్లి జాకెట్టుకు కూడా వేసి ఉండదు. రూళ్లకర్రలకు అంటించింది. రక్తపోటు చూసే మిషను నుంచి రబ్బరు బుడ్డి ఊడదీసి గొట్టానికి తగిలించింది. మీట తిప్పి బుడ్డి నొక్కింది.

గుడ్డ సగం దాకా దిగి ఆగిపోయింది.

మళ్లీ తిప్పింది. మళ్లీ సగమే. నేల మీద కూర్చుని పదిసార్లు, పదిహేనుసార్లు నొక్కింది. సగం దిగి, నాలుక బయటపెట్టినట్టు నిలబడిపోయేది.

"ఏమ్మే," అన్నాడు నెహెమ్యా వెనక నుంచి.

ఆమె తిరగలేదు.

"అంచులు మడిచినావా?"

"మడవకుంటే పోగులు లేస్తాయి కదా."

"అది జాకెట్టా? కర్రకు చుట్టుకోవల్ల. మడిచిన కాడ లావైతాది, పెట్టెలో యాడ పడ్తాది?"

"ముప్పై ఏండ్లుగా కుడ్తాండా. కత్తిరించిన గుడ్డను మడవకుండా ఎట్ల ఇడుస్తాను?"

"ఇప్పు."

బ్లేడుతో కుట్లు విప్పింది. ఆయన లేచి కూర్చుని, ఎడమచేత్తో గుడ్డను కిటికీకి ఎత్తిపట్టాడు. సూది దిగిన చోటల్లా చుక్కచుక్కగా వెలుగు.

"పాయ. జల్లెడ చేసినావు. ఇంగో ముక్క కత్తిరించు. సూది ఎత్తినావంటే చూడు!"

గొడుగులో ఇంకో రెక్క పోయింది. ఈసారి అంచులకు ఆయనే చీపురుపుల్లతో పల్చగా ఫెవికాలు రాశాడు, ఎడమచేత్తో, వంకరటింకరగా. ఆరేదాకా దాని పక్కనే కూర్చుని ఈగలను తోలాడు. పెట్టె కంత లెన్సు కంటే కాస్త పెద్దది. సైకిలు ట్యూబు ముక్కను లెన్సు చుట్టూ చుట్టి బిగించమన్నాడు. ఆమె బిగించింది. "ఇంగా." ఇంకా బిగించింది. "శానా బిగించొద్దు, కెమెరా కదుల్తాది."

ఆమె మీట తిప్పింది. ఆయన నొక్కాడు. టక్.

అన్నం ఆరిపోతున్నా నలభైసార్లు నొక్కించి చూశాడు.

నవంబరు రెండో ఆదివారం కోసిగిలో గుడి ముందు బెంచీలు వేసి, పిల్లలను కింద కూర్చోబెట్టి సిద్ధంగా ఉన్నారు. కొందరి మూటలు అప్పటికే అరుగు మీద ఉన్నాయి. నెహెమ్యా నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక చాలాసేపు ఉండిపోయాడు. ఎక్కడ లోపలే ఆగిపోతాడోనని రెజీనాకు భయం. కడకు బయటికి వచ్చాడు. ఫిల్ము పెట్టాడు. అందరూ బిగుసుకున్నారు. ఆయన ఎడమచేతిలో బుడ్డి నొక్కాడు.

"అయిపాయ. కదలండి."

ఎవరూ కదల్లేదు.

"ఏమప్పా నెహెమ్యా," ముందు వరుసలోంచి ముసలి రాహేలమ్మ పెదవులు కదలకుండానే అడిగింది. "మూత తీయకపోతివి, లెక్కపెట్టకపోతివి. ఎట్ల అయిపోతాది?"

"కన్ను మూసి తెరిచేలోగా తీస్తాది పెద్దమ్మా ఇది."

"నేను కన్ను మూసినప్పుడే తీసింటే? పోయినోళ్ల ఫొటో మాదిరి వస్తాను. ఇంగోటి తీయి. లెక్కపెట్టి తీయి!"

అందరూ నవ్వారు. నవీను కూడా సెల్లు జేబులో పెట్టుకుని వచ్చి లేవి పక్కన నిలబడ్డాడు. నెహెమ్యా పెద్దగా లెక్కపెట్టి, "రెండు" దగ్గర బుడ్డి నొక్కాడు. నమ్మకం కోసం మూడోది కూడా తీశాడు.

సాయంత్రం బస్సులో కెమెరా పెట్టె రెజీనా ఒడిలో ఉంది. నెహెమ్యా కోసిగి బస్టాండులో మొదలుపెట్టినవాడు ఆపలేదు. స్ప్రింగు ఒక చుట్టు ఎక్కువైంది. రెండో ఫిల్ములో లేవి తల తిప్పినట్టుంది. కడిగేటప్పుడు నీళ్లు చల్లగా ఉండాలి. రేపు ఐసు తేవాలి.

"ఆలూరు అయ్యగారు కూడా అడిగినాడు, క్రిస్మసుకు. పోదామా?"

"పెట్టె ఎవరు మోస్తారు?"

"నువ్వే కదా."

ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. పెట్టె అంచు తొడలో గుచ్చుకుంటోంది.

"నిద్రపోతాండావా?"

"లేదు."

"అయితే ఇను. ఆ ట్యూబు ముక్క ఉండాది చూడు..."

"ఎమ్మిగనూరు వచ్చేదాకా కొంచేపు నోరు మూసుకుంటావా?" అంది రెజీనా, కళ్లు తెరవకుండానే.

"మూసుకుంటా. ఇది ఒకటి చెప్పేసి," అన్నాడు నెహెమ్యా. ఎమ్మిగనూరు దాటాక కూడా చెబుతూనే ఉన్నాడు.