పచ్చకారు పోస్టరు

లోర్నా సెడ్లాక్ ఇరవై మూడేళ్ళుగా అమెరికాలోని టొలీడోలో రాక్ కచేరీలకు పోస్టర్లు వేస్తోంది. ఇంటి వెనకాల కారు షెడ్డయితే ఉంది గానీ అందులో కారెప్పుడూ పెట్టలేదు. బొమ్మ అచ్చెయ్యడానికి చట్రాలకు బిగించిన గుడ్డ తెరలు, రంగు డబ్బాలు, అచ్చేసిన కాగితాలు ఆరబెట్టుకునే ఇనప అరలు, అంతే. కార్లన్నీ పోస్టర్ల మీదే. మొదట్లో ఇంజన్లకు కోరలు మొలిపించి, చక్రాల వెనక మంటలు పెట్టి వేసేది. ఊళ్ళో ఫ్యాక్టరీలు ఒకటొకటే మూతపడ్డాక ఆ మంటలు వెయ్యబుద్ధి కాలేదు. తుప్పు పట్టినవీ, గడ్డిలో కూరుకుపోయినవీ, నుజ్జునుజ్జయినవీ వెయ్యడం మొదలుపెట్టింది. జనానికి అవే ఎక్కువ నచ్చాయి.

మార్చిలో డ్యూయీ ఫోన్ చేశాడు. 'కోల్డ్ ఫర్నెస్' అనే బృందానికి అతను మేనేజరు.

"ఈసారి గట్టిగా గుద్దుకున్న కారు కావాలి తల్లీ. చూడగానే పళ్ళు జివ్వుమనాలి."

"దానికి కారెందుకురా, నీ మొహం వేస్తే చాలదూ?" అంది లోర్నా.

మర్నాడు నది అవతల ఉన్న పాత ఇనుము యార్డుకు వెళ్ళింది. వెనక వరసలో ఒక చిన్న పచ్చకారు కనిపించింది. ముందు భాగం నలిగి సీట్ల దాకా వచ్చేసింది. లోపలి అద్దం మాత్రం చెక్కుచెదరలేదు, దానికి ఈతగాళ్ళు పెట్టుకునే నీలం కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. బకెట్టు బోర్లించుకుని కూర్చుని రెండు గంటలు గీసింది. యార్డు యజమాని ఓర్విల్ కాఫీ తెచ్చి ఇచ్చి, ఏదో చెబుదామన్నట్టు కాసేపు పక్కనే నిలబడ్డాడు. లోర్నా తలెత్తలేదు. ఇన్నేళ్ళలో ఏ కారు ఎవరిదని ఆమె ఒక్కసారీ అడగలేదు.

పోస్టరు బ్రహ్మాండంగా వచ్చింది. నల్లటి నేల, పచ్చటి కారు, దాని ముందద్దంలోంచి నలువైపులా చిమ్ముతున్న నారింజరంగు గాజుముక్కలు. కాగితం మొత్తం మీద నీలం ఒక్కచోటే ఉంది, ఆ కళ్ళద్దాల్లో. అది తనకే ముచ్చటేసింది. మూడు వందలు అచ్చేసింది. నూట ఎనభై ఊరంతా తగిలించడానికి, మిగతావి సంతకం పెట్టి కచేరీలో అమ్మడానికి.

కచేరీ ఇంకా ఐదు రోజులుందనగా, పొద్దున్నే ఒకాయన షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. యాభై దాటినవాడు. ఫ్యాక్టరీ చొక్కా మీద వెండెల్ అని కుట్టి ఉంది. చేతిలో పోస్టరు, మూలల్లో చిరిగి.

"ఇది వేసింది మీరేనా?"

"నేనేనండీ. కావాలంటే మంచి కాపీ ఇస్తాను, అది చిరిగింది కదా."

"ఇది మా అమ్మాయి కారు," అన్నాడాయన.

లోర్నా చేతిలో గుడ్డ ఉంది. దాంతో ఏం చెయ్యాలో తెలియక తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

పిల్ల పేరు కెండ్రా. పంతొమ్మిదేళ్ళు. జనవరిలో ఈతకొలనుకి సాధనకు వెళ్తుంటే రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది, ఎదురుగా లారీ. ఇదంతా ఆయన గడియారం చూసి టైము చెప్పినంత మామూలుగా చెప్పాడు. భార్య జోనెల్ మొన్న డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రీకి వెళితే బట్టలారబెట్టే యంత్రం పైన గోడకి ఈ పోస్టరు ఉందట. తడిబట్టలు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చేసిందట. ఏమైందో చెప్పలేదు. బట్టలు తెచ్చుకుందామని ఈయన వెళ్ళాడు, అప్పుడు చూశాడు.

"ఎవరి కారని అడిగారా అసలు?"

"లేదు."

"ఏం, ఎందుకని?"

అబద్ధం ఆడదామనుకుంది లోర్నా, నోరు రాలేదు. "అడిగితే వెయ్యలేనేమోనని."

వెండెల్ పోస్టరు బల్ల మీద పరిచి, వేలితో గాజుముక్కలు చూపించాడు. "ఇది తప్పు. ముందద్దం ఇలా ఎగిరిపోదు. రెండు గాజుల మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. సాలెగూడులా పగులుతుంది గానీ ఊడి రాదు. ఇరవై రెండేళ్ళుగా ఫ్యాక్టరీలో నేను చేసేది ఆ అద్దాలే." కాగితం మీంచి వేలు తీసేశాడు. "మా పిల్ల మొహమ్మీద ఒక్క గీత కూడా పడలేదు."

లోర్నాకి కూర్చోవాలనిపించింది. ఆయన నిలబడి ఉంటే ఎలా కూర్చుంటుంది?

"ఎన్ని ఉన్నాయి ఊళ్ళో?"

"నూట ఎనభై. అన్నీ నేనే తీసేస్తాను."

"ఎక్కడెక్కడున్నాయో మీకు తెలుసు. బండి నేను నడుపుతాను, పదండి."

రెండు రోజులు తిరిగారు. ఆయన స్తంభం పక్కన ఆపితే ఆమె దిగి మేకులు పీకేది. మొదట్లో ఒక్కొక్కటీ చుట్టి పెట్టింది. ఇరవయ్యో దానికల్లా చించెయ్యడం మొదలుపెట్టింది. ఆయన రేడియో పెట్టలేదు. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆపి రొట్టెముక్కలు తిన్నారు. అప్పుడు మాత్రం, కెండ్రాకి రివర్సు చెయ్యడం సరిగ్గా రాదనీ, ఇంటి ముందున్న పోస్టు డబ్బాని మూడుసార్లు గుద్దిందనీ చెప్పాడు. "మూడోసారి నేను తిట్టలేదు. డబ్బా కర్ర చుట్టూ సిమెంటు పోశాను," అన్నాడు. లోర్నాకి నవ్వొచ్చింది. నవ్వినందుకు భయమేసి ఆయన వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

రికార్డుల షాపులో కౌంటరు దగ్గరి పిల్లాడు పోస్టరుకి అప్పటికే ఫ్రేము కట్టించేశాడు.

"వేసింది మీరే కావచ్చు, కానీ ఇది నాది. ఎందుకు తీసేస్తున్నారో అదన్నా చెప్పండి."

లోర్నా నోరు తెరిచేలోపే వెండెల్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దు, వదిలెయ్యండి. వాడికి చెప్పకండి."

కానీ ఇలాంటివి దాగవు. స్తంభాల దగ్గర పోస్టర్లు చింపుతున్న లోర్నానీ, బండిలో ఉన్న వెండెల్‌నీ ఎవరో ఫోనులో ఫోటో తీశారు, ఇంకెవరో సంగతి ఆరా తీశారు. మర్నాడు డ్యూయీ ఫోన్ చేశాడు, గొంతులో ఉత్సాహం ఆగట్లేదు.

"టిక్కెట్లన్నీ అయిపోయాయి లోర్నా! నిజంగా మనిషి పోయిన కారంటగా? ఊరంతా అదే మాట. ఆ నూట ఇరవై పట్టుకొచ్చెయ్."

"అవి లేవు."

"లేవంటే?"

"కాల్చేశాను. తెరల మీది బొమ్మ కూడా కడిగేశాను."

డ్యూయీ నింపాదిగా అన్నాడు. "సరేలే. నువ్వు చూడమని పంపిన బొమ్మ ఫైలు నా దగ్గరుంది."

"ఒరేయ్, దాన్ని వాడావంటే—"

"ఏం చేస్తావు? నన్ను కోర్టుకీడ్చి ఆయన్ని సాక్షిగా పిలిపిస్తావా?"

కచేరీలో చొక్కాలు అమ్మారు. ఛాతీ మీద పచ్చకారు. లోర్నా వెళ్ళలేదు. వెండెల్‌కి ఫోన్ చేసి ఆ మాట తనే చెప్పింది, ఇంకెవరి నోటో వినకూడదని. ఫోను చేతులు మారి ఆడగొంతు వచ్చింది. అది జోనెల్ లోర్నాతో మాట్లాడిన మొదటిసారీ, చివరిసారీ.

"ఇంకెప్పుడూ ఈ ఇంటికి ఫోన్ చెయ్యకండి," అంది. కోపంగా కూడా అనలేదు.

వేసవంతా లోర్నా కార్లు వెయ్యలేదు. వేరేవి వేస్తే ఎవరూ తీసుకోలేదు. సెప్టెంబరులో షికాగోలో పోస్టర్ల సంత జరిగితే, పాతవేవో పట్టుకుని వెళ్ళి ఒక బల్ల దగ్గర కూర్చుంది. రెండోరోజు గడ్డం కుర్రవాడొకడు బల్ల ముందాగి, ఆమె పేరు చదివి, సంబరంగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. భుజం నుంచి మోచెయ్యి దాకా పచ్చబొట్టుగా పచ్చకారు. గాజుముక్కలు. నీలం కళ్ళద్దాలు.

"మూడుసార్లు కూర్చుంటే పూర్తయింది! కింద మీరు సంతకం పెట్టండి మేడమ్, దాని మీదే పచ్చబొట్టు పొడిపించుకుంటాను."

లోర్నా కలం అందుకోలేదు. కాగితమైతే చించొచ్చు, తెరయితే కడగొచ్చు. ఇప్పుడీ కుర్రవాడి చర్మాన్ని ఏం చేస్తుంది? తెలిస్తే సిగ్గుపడతాడు, చొక్కా కిందికి దించుకుంటాడు అనుకుంది. అందుకని చెప్పింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఈతకొలను, మంచు, లారీ, అన్నీ చెప్పింది. పేరు కూడా చెప్పేసింది.

కుర్రవాడు చివరిదాకా విన్నాడు. తన చేతిని కొత్తగా చూసుకున్నాడు. తలెత్తేసరికి అతని కళ్ళలో సిగ్గు లేదు. ఏదో విలువైనది చేతికి దొరికినవాడి మెరుపు ఉంది.

"కెండ్రా," అన్నాడు మెల్లగా. "ఆ పేరే వేయించుకుంటాను. సంతకం బదులు."

"వద్దు బాబూ, వాళ్ళమ్మ బతికే ఉంది, వద్దు."

"గౌరవంగానే మేడమ్, గౌరవంగానే!" అంటూ, ఆమె ఇంకేమైనా అనేలోపే, తన స్నేహితులకు చెప్పడానికి జనంలోకి పరిగెత్తాడు. లోర్నా లేచి పిలిచింది. అతని పేరేమిటో అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాసేపు ఆ వైపే చూస్తూ నిలబడి, బల్ల మీది కాగితాలన్నీ అట్టపెట్టెలో సర్దుకుని, సంత ముగియకముందే ఇంటికి బయల్దేరింది.