నాలుగు సెకన్ల క్షమాపణ

బస్‌స్టేషన్‌లో బస్సు ఆలస్యమైనప్పుడు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని మైకులో ఒక గొంతు వినిపిస్తుంది కదా, ఆ గొంతు ఆమెదే. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే దయచేసి లైనులో ఉండండి అని బతిమాలేది కూడా ఆమే. ఒకసారి తన ఇంట్లోనే కరెంటు పోయి ఫోన్ చేస్తే, తన గొంతే తనను ఇరవై నిమిషాలు ఆపి, ఆఖరికి లైను కట్ చేసింది. ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఫోన్ పక్కన పడేసి పడుకుంది.

ఇలాంటి ప్రకటనలు రికార్డు చేసే ఆఫీసులో, ఎవరి తప్పుకో రోజంతా మన్నించమని చెప్పి ఇంటికి వచ్చేసరికి, తన గురించి చెప్పుకోవడానికి ఆమె దగ్గర మాట మిగిలేది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్లకే మూడంతస్తుల మెట్లెక్కడానికి రెండుచోట్ల ఆగేది. పైన రెండు గదుల ఇల్లు, మోకాళ్ల నొప్పులతో అమ్మ. నాన్న పోయి రెండేళ్లయింది.

అలాంటి మనిషి ఒకప్పుడు హీరో అంటే ఎవరూ నమ్మరు. ఆమె కూడా నమ్మడం మానేసి చాలాకాలమైంది. పదకొండేళ్లప్పుడు 'ముక్కల రాజ్యం' అనే జపాను బొమ్మల సీరియల్లో, నీలం జుట్టు కుర్రాడికి ఆమే డబ్బింగ్ చెప్పింది. పేకముక్కల్లోంచి రాక్షసులు, గుర్రాలు, గద్దలు లేచి కొట్టుకునే సీరియల్ అది. సాయంత్రం ఐదున్నరకు అది మొదలైతే వీధిలో పిల్లాడన్నవాడు కనపడేవాడు కాదు. మైకు అందక స్టూలు మీద నిలబడి చెప్పేది కాబట్టి స్టూడియోలో అందరూ ఆమెను పిట్ట అనేవారు. ఆ సీరియల్‌కు డైలాగులు రాసింది నాన్న.

ఇప్పుడు ఆ సీరియల్‌ను ఒక కంపెనీ మళ్లీ విడుదల చేస్తోంది. పాత టేపుల్లో ఆరు భాగాల మాటలు పాడైపోయాయి, వాటిని అదే గొంతుతో చెప్పించాలని డైరెక్టరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు. ఆమెను చూడగానే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. బడిలో ఉన్నప్పుడు ఆ కుర్రాడి డైలాగులన్నీ తనకు కంఠతా వచ్చట. "అక్కా, మీరు నా చిన్నతనం" అన్నాడు. ఆమె పది రోజులు సెలవు పెట్టింది.

మొదటి రోజు తెర మీద బొమ్మ వేస్తే ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంతేనా అనిపించింది. ఆకాశంలో తిప్పితిప్పి అవే మూడు మేఘాలు. ఓడిపోయిన ప్రతివాడూ ఒకే తీరున వెల్లకిలా పడుతున్నాడు. ఆటగాడు ముక్క చేతిలోంచి బల్ల మీదకు వేయడానికి సగం భాగం పడుతోంది. దీని కోసమా ఊళ్లో పిల్లలంతా అన్నం కంచాలు వదిలి పరిగెత్తింది? కానీ ఆ కుర్రాడు నోరు తెరిచినప్పుడల్లా ఆమె పెదాలు వాటంతట అవే కదిలాయి. గొంతు మాత్రం వెంటరాలేదు. కుర్రాడి అరుపులు రోజుకు ఆరు గంటలు అరిస్తే, ఇంటికెళ్లాక అమ్మకు సైగలతోనే సమాధానం చెప్పాల్సి వచ్చేది. నడుము సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఎనిమిది రోజుల్లో ఆరు భాగాలూ అయ్యాయి.

తొమ్మిదో రోజు డైరెక్టరు నసుగుతూ ఇంకొక చిన్న ముక్క ఉందన్నాడు. తొమ్మిదో భాగం టేపు బాగానే ఉంది. కానీ అందులో ఒక తప్పు ఉందని కంపెనీవాళ్లు పట్టుకున్నారు. దాన్ని వేసి చూపించాడు. కుర్రాడు తొందరపడి ఆడినందుకు అతని గద్ద ముక్క చచ్చి, చచ్చిన ముక్కల కుప్పలోకి వెళుతుంది. అతను దానివైపు చూస్తూ నాలుగు సెకన్లు పెదాలు కదుపుతాడు. హెడ్‌ఫోన్స్‌లో పదకొండేళ్ల పిల్ల గొంతు వచ్చింది.

"తొందరపడ్డాను. నన్ను మన్నించు. ఒక్కసారి తిరిగి రా."

ఆ మాటలు అసలు కథలో లేవు. అప్పట్లో స్క్రిప్టు ఫ్యాక్సులో వచ్చేది, ఆ రోజు వచ్చిన పేజీలో కిందిభాగం నల్లగా మాడిపోయి వచ్చింది. అవతలివాళ్లను అడిగి తెప్పించుకునే వ్యవధి లేదు. కుర్రాడి పెదాలు మాత్రం కదులుతున్నాయి, అందులో ఏదో ఒకటి పొయ్యాలి. నాన్న ఇది పోశాడు. తర్వాతి భాగంలో గద్ద వేరే కారణం వల్ల మళ్లీ కనిపించేసరికి పిల్లలు దాన్ని రూలు అనుకున్నారు. ముక్క చస్తే, దాన్ని మన్నించమని అడిగి, ఆటకు ఒక్కసారి వెనక్కి తెచ్చుకోవచ్చు. ప్రతి బడిలో, ప్రతి ఇంటి మెట్ల మీద ఇదే రూలుతో ఆడారు. డైరెక్టరు పెద్దయ్యాక కంప్యూటర్లో బయటిదేశాలవాళ్లతో ఆడుతూ చచ్చిన ముక్కను మన్నించమని అడిగితే, వాళ్లు విరగబడి నవ్వారట. ఆ అవమానం ఇంకా మర్చిపోలేదన్నాడు.

"నాకు మార్చడం ఇష్టం లేదక్కా," అన్నాడు. "దారి ఒక్కటే ఉంది. ఇది పొరపాటు కాదు, కావాలనే రాసింది అని రాసినవారు సంతకం పెడితే ఉంచేస్తామన్నారు. ఆయన లేరు కాబట్టి ఆయన భార్య పెట్టాలి. లేదంటే రేపు మీరే అసలు మాట చెప్పాలి."

టైపు చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడవకుండా సంచిలో పెట్టుకుంది. అది కావాలనే రాసిందని ఆమెకు తెలుసు, ఆమె ఒక్కదానికే కాదు, చుట్టపక్కాలందరికీ తెలుసు.

ఆ సీరియల్ నడిచిన ఏడు అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. బడి మానిపించి పిల్లను స్టూడియోల చుట్టూ తిప్పుతున్నావని అమ్మ అడిగితే, భోజనానికి వచ్చిన స్నేహితుల ముందు నాన్న నోరు జారాడు. ఇష్టం లేకపోతే పొమ్మన్నాడు. అమ్మ నిజంగానే పోయింది, పెద్దమ్మ వాళ్లింటికి. నాన్నకు ముక్కు మీద కోపమే గానీ, దిగివచ్చి బతిమాలడం చేతకాదు. రెండు నెలలు తండ్రీకూతుళ్లు బజారు తిండి తిన్నారు. అప్పుడే ఆ మాడిపోయిన పేజీ వచ్చింది. తన నోటితో అనలేని మాటను నాన్న ఆ నాలుగు సెకన్లలో పెట్టి, కూతురి చేత చెప్పించాడు. అది టీవీలో వచ్చిన వారంలోనే అమ్మ తిరిగొచ్చింది.

ఇది ఇంట్లో అందరికీ తెలిసిన కథ. ఇంటికి ఎవరొచ్చినా నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని, మీసం దువ్వుకుని చెప్పేవాడు. ఆ కథ మొదలవగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లేది. అందరూ సిగ్గు అనుకునేవారు. కూతురైతే ఆ కథను ప్రాణంగా దాచుకుంది. ఉద్యోగం, ఒంటరితనం, మెట్లు అన్నీ కలిసి పీక్కు తింటున్న ఈ రోజుల్లో, తన గొంతు ఒకసారి అమ్మను ఇంటికి తెచ్చింది అన్న తృప్తి ఒక్కటే ఆమెకు మిగిలింది. నాన్న జీవితంలో చెప్పిన ఒకే ఒక్క క్షమాపణ అది. ఎవడో పరాయివాడు పొరపాటని చెరిపేస్తానంటే ఆమె ఎలా ఒప్పుకుంటుంది?

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కర్టెన్ అంచు కుడుతోంది. ఆమె చెప్పులు విప్పుతూనే సంగతంతా చెప్పి, కాగితమూ పెన్నూ మంచం మీద పెట్టింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. చదివి, సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"పిట్టా, ఈ మాట నేను టీవీలో వినలేదే," అంది.

మర్చిపోయి ఉంటావని కూతురు సర్దిచెప్పబోయింది. మోకాళ్లకు నొప్పులొచ్చాయి గానీ తలకు మతిమరుపు రాలేదని అమ్మ విసుక్కుంది. మీ నాన్న ఊరందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాకే తనకూ తెలిసిందని, అప్పటికి తను తిరిగొచ్చి ఏడాది దాటిందని చెప్పింది.

"మరి ఎందుకొచ్చావు?" అంది కూతురు. ఇరవై ఏడేళ్లలో అమ్మను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉండేది మరి.

"నేను మీ పెద్దమ్మ వంటింట్లో ఉన్నా. హాల్లో పిల్లలు ఆ బొమ్మలు పెట్టుకున్నారు. నువ్వు ఎవడితోనో నిన్ను మట్టి కరిపిస్తా అని అరుస్తున్నావు. మాట మధ్యలో గుటక మింగావు. గొంతు వాస్తే నువ్వు అలాగే మింగుతావు, చంటిపిల్లప్పటి నుంచీ అంతే. పిల్లకి గొంతు వాచింది, వేడినీళ్లు పెట్టిచ్చే దిక్కు లేదు, ఆ మనిషి దాన్ని మైకు ముందు నిలబెట్టి అరిపిస్తున్నాడు అనుకున్నా. ఆ పూటే సంచి సర్దుకున్నా."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ గుమ్మంలోకి వచ్చీరాగానే నాన్నతో మాటైనా అనకుండా, తనను బల్బు కిందకు లాక్కెళ్లి, చెంచా కాడతో నాలుక నొక్కిపట్టి గొంతులోకి చూసింది. ఆ రికార్డింగు జరిగి అప్పటికి మూడు వారాలైంది, వాపు ఎప్పుడో తగ్గిపోయింది. "ఏమీ లేదే" అంది అమ్మ. అనేసి, సంచి లోపలికి తీసుకెళ్లి పెట్టింది. పదకొండేళ్ల పిల్లకు అదేం పలకరింపో అర్థం కాలేదు.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆయన సంబరం ఆయనది, పదిమందిలో మురిసిపోతుంటే చెడగొట్టడం దేనికని ఊరుకున్నానంది అమ్మ. తర్వాత కాసేపు కర్టెన్ అంచు చేత్తో సాఫు చేస్తూ కూర్చుంది.

"నోటితో చెప్పుకుంటే చెప్పుకున్నాడు. కాగితం మీద మాత్రం వద్దనిపిస్తోంది. నలభై ఏళ్లు కాపురం చేశాం. నా మొహం చూసి తప్పయింది అని ఒక్కసారీ అనలేదు ఆ మనిషి. తన తప్పుకి పసిపిల్ల చేత చెప్పించి, తనే చెప్పాననుకున్నాడు. నీకూ అదే అలవాటైంది. ఎవరి బస్సో లేటయితే నువ్వు చింతిస్తావు." అమ్మ పెన్ను అందుకుంది. "సరే, నీ గొంతు అది, నీ ఇష్టం. ఉంచుకోవాలనుంటే చెప్పు, పెట్టేస్తా."

ఆమెకు ముందు అమ్మ మీదే ఒళ్లు మండింది. చివరికి మిగిలిన ఆ ఒక్క కథనూ ఇలా ఒక్క మాటతో లాగేసుకోవాలా అనిపించింది. తర్వాత నాన్న మీద కోపం వచ్చింది, లేని మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఆపైన మిగిలింది అలసట ఒక్కటే. మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూలబడింది. అలా కూర్చున్నాక చాలాసేపటికి, అలసట అడుగునుంచి ఒక సంగతి మెల్లగా తెలిసివచ్చింది. అమ్మ నాన్న మాటకు రాలేదు, ఏ మాటకూ రాలేదు. తన కోసం వచ్చింది. తనేమీ అడగకుండానే, తను మింగిన ఒక్క గుటక విని వచ్చింది. ఆమె ఏడ్చింది. అమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది.

కాసేపటికి ఆమె లేచి, అమ్మ ఒళ్లోంచి కాగితం తీసేసుకుంది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వెళ్లి సంతకం లేని కాగితం డైరెక్టరుకు తిరిగి ఇచ్చింది. అతని మొహం చిన్నబోయింది. అమ్మగారు ఒప్పుకోలేదా అని అడిగాడు. పెడతానంది, నేనే వద్దన్నాను అని చెప్పింది. అతను కాగితం పక్కన పెట్టి, తొమ్మిదో భాగం వెయ్యమన్నాడు.

అసలు స్క్రిప్టులో ఉన్న మాటలు తెర పక్కన వచ్చాయి. కుర్రాడు చచ్చిన గద్దతో అంటాడు: "వెళ్లు. నీ ఆట నువ్వు ఆడావు. మిగిలింది నేను ఆడతాను."

మొదటిసారి చెప్పాక డైరెక్టరు అద్దం వెనకనుంచి తల అడ్డంగా ఊపాడు. మాటలు సరిగ్గానే ఉన్నాయక్కా, కానీ బతిమాలుతున్నట్టుంది అన్నాడు. అది ఆమెకూ వినపడింది. ఇన్నేళ్ల అలవాటు మరి. మంచినీళ్లు తాగి, హెడ్‌ఫోన్స్ సర్దుకుని, బొమ్మ మళ్లీ వెయ్యమంది. కుర్రాడు గద్దవైపు చూశాడు, పెదాలు కదిలాయి. ఆ నాలుగు సెకన్లలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

బాగుందక్కా అన్నాడు డైరెక్టరు. ఎందుకైనా మంచిది, ఇంకొక టేకు తీసి పెట్టుకుందామా అని అడిగాడు.

"వద్దు," అంది ఆమె. ఏమీ అనుకోకు అని దాని వెనక కలపలేదు.