ఎనభై రెండు డిగ్రీల పగ

నేను ఒక థర్మోస్టాట్‌ని. పగబట్టినదాన్నని ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను తప్పుపట్టొద్దు. గుప్పెట్లో ఇమిడిపోయేంత ఉంటాను. ఇంజనుకీ రేడియేటరుకీ మధ్య దారిలో నా కాపలా. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసి ఉంచి దాన్ని త్వరగా వేడెక్కనిస్తాను. నీళ్ళు ఎనభై రెండు డిగ్రీలకు వచ్చాయా, నా కడుపులోని మైనం కరిగి ఉబ్బుతుంది, తలుపు తెరుచుకుంటుంది, వేడి నీళ్ళు రేడియేటరులోకి వెళ్ళి చల్లారి వస్తాయి. పుట్టిన కార్ఖానాలోనే నా నుదుటి మీద 82 అని గుద్ది పంపారు. ఎక్కడ మరుగుతారో మనుషులకూ అలా నుదుటి మీద రాసి ఉంటే సగం కాపురాలు ప్రశాంతంగా ఉండేవి.

నర్సీపట్నంలో సన్యాసినాయుడి జీపు నా ఇల్లు. లంబసింగి ఘాటు రోడ్డెక్కి చింతపల్లికి మనుషుల్ని చేరవేయడం అతని బతుకుతెరువు. మూడేళ్ళు నా మీద ఒక్క మాట రాలేదు. ఆ తరువాత రేడియేటరు చుక్కచుక్కగా కారడం మొదలుపెట్టింది. అతికించాలంటే బండి ఒకరోజు ఆగాలి. అది ఇష్టంలేక సన్యాసినాయుడు డ్రైవర్ల పాత చిట్కా పట్టుకున్నాడు. ఇంట్లోంచి గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటర్లో పోశాడు. కారడం ఆగింది. ఆగింది కదా అని, మళ్ళీ కారినప్పుడల్లా మరో గుప్పెడు. చివరికి కారే చోటుతోపాటు కారని చోట్లు కూడా పూడుకుపోయాయి. నేను తలుపు తెరిచి పంపిన నీళ్ళకు ముందు దారి లేకుండాపోయింది.

ఘాటు మీద ఇంజను కాగిపోవడం మొదలైంది. సన్యాసినాయుడు జీపుని తన బావమరిది నూకరాజు నడిపే మెకానిక్ షెడ్డుకి తోలుకొచ్చాడు. ఆ చుట్టుపక్కల నూకరాజు చెప్పిందే వేదం. అతను పై గొట్టం పట్టుకుని చూశాడు, కాలుతోంది. కింది గొట్టం పట్టుకున్నాడు, చల్లగా ఉంది. అలా ఉంటే నేను తెరుచుకోకపోయి ఉండాలి, లేదా రేడియేటరు పూడుకుపోయి ఉండాలి.

"రేడియేటర్లో ఏటైనా పోసినావేటి బావా?" అని అడిగాడు.

"నానేటీ పొయ్యలేదు. నూకాలమ్మ మీద ఒట్టు," అన్నాడు సన్యాసినాయుడు. బావమరిది దగ్గర లోకువైపోతానని భయం.

అమ్మవారి మీద ఒట్టేశాక ఇంకా అనుమానిస్తే బాగుండదని నూకరాజు రేడియేటరు జోలికి పోలేదు. తప్పంతా నా నెత్తిన పడింది. స్పానరు పెట్టి నన్ను ఊడదీశాడు. తెరుచుకుంటానో లేదో పరీక్షించనైనా లేదు.

"మన ఎండలకి ఇదెందుకు బావా? సలి దేశాలోళ్ళకి కావాలి గానీ," అని గోడ మేకుకి తగిలించేశాడు. నా చోట ఏమీ పెట్టకుండా మూత బిగించేశాడు.

నేరం ఒకరిది, ఉరి నాకు. ఆ మేకు మీదే ప్రమాణం చేసుకున్నాను. నూకరాజు నలుగురిలో తలదించుకుంటే తప్ప నాకు శాంతి లేదు.

పగ తీరడానికి ఎనిమిది నెలలు పట్టింది. చలికాలంలో లంబసింగి మంచులో ఇంజను వేడెక్కక తెల్లగా పొగ కక్కుతూ డీజిలు తాగేసిందని షెడ్డులో చెప్పుకుంటుంటే విన్నాను. నేను సంతోషించాను, దాచను. ఎండాకాలం రాగానే ఘాటు మధ్యలో, నిండా జనంతో ఉన్న జీపు ఆవిర్లు చిమ్మి ఆగిపోయింది. వేడికి వంగిన ఇంజను హెడ్డు విప్పి సాపు చేయించారు. వారం తిరక్కుండానే మళ్ళీ కాగింది. సన్యాసినాయుడికి ఓపిక అయిపోయింది. జీపు అమ్మేస్తానని తుని నుంచి ఒకాయన్ని పిలిపించాడు. అది పోతే అతను ఇంకొకరి బండి తోలుకోవాలి.

కొనేవాడు వచ్చిన రోజు షెడ్డులో పదిమంది ఉన్నారు. సన్యాసినాయుడి భార్య పైడమ్మ కూడా వచ్చింది. ఆమె నూకరాజు చెల్లెలు. కొంగు బిగించి అన్నని అడిగింది.

"అన్నియ్యా, ఆ మేకుకున్నదే పాడైపోనాదని నీకెలా తెలిసింది?"

"గొట్టాలు పట్టుకు సూసినానే."

"అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకు సూస్తాం. కుండ ముట్టుకుని సెప్పెయ్యం. దాన్నీ ఓపాలి ఉడకేసి సూడు."

పదిమందీ నవ్వారు. నూకరాజుకి పౌరుషం వచ్చింది. పక్క టీకొట్టు నుంచి గిన్నె తెప్పించి, నీళ్ళు పోసి, నన్ను దారానికి కట్టి ముంచాడు. స్టవ్వు వెలిగింది. ఎనిమిది నెలల తుప్పు నా ఒంటినిండా ఉంది. తెరుచుకోలేకపోతే వాడి మాటే నిజమైపోతుందని నిజంగా భయపడ్డాను. నీళ్ళు వేడెక్కాయి. గిన్నె అడుగున బుడగలు లేచాయి. మైనం కదిలింది. నీళ్ళింకా మరగకముందే, అందరూ వంగి చూస్తుండగా, నోరంతా తెరిచాను.

నూకరాజు నేరుగా జీపు దగ్గరికి వెళ్ళి రేడియేటరు కింది గొట్టం లాగేశాడు. పచ్చటి ముద్దలు జారి నేల మీద పడ్డాయి. పైడమ్మ ఒక ముద్ద తీసి వాసన చూసింది.

"ఇది నా పసుపే గదా? డబ్బా కాళీ ఐపోతుంటే మా తోటికోడలు తీసేత్తందని దాంతో ఏడాదిగా మాటల్లేవు నాకు," అంది.

సన్యాసినాయుడు నేల చూపులు చూశాడు. అమ్మకం ఆగిపోయి తుని ఆయన వెళ్ళిపోయాడు. రేడియేటరు విప్పి కడిగించారు, కారే చోట అతుకు వేయించారు, నా చోట కొత్త థర్మోస్టాట్ కూర్చోబెట్టారు. జీపు మళ్ళీ ఘాటెక్కుతోంది. పాతదాన్నే తిరిగి పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నూకరాజు నన్ను మాత్రం మేకుకే ఉంచాడు. "పొరపడ్డాను" అనే ఒక్క మాట ఆ నోట రాలేదు.

రాకపోతే పోయింది. ఊరంతటికీ ఆ కథ తెలిసిపోయింది. ఇప్పుడు ఏ బండి కాగినా, ఉడకేసి చూపించమని డ్రైవర్లు పట్టుబడుతున్నారు. నూకరాజు వంటవాడిలా స్టవ్వు వెలిగించి, అనుమానం ఉన్నదాని పక్కన నన్నూ వేలాడదీస్తాడు, సరైనది ఎలా తెరుచుకుంటుందో వాళ్ళు పోల్చుకోవడానికి. రోజుకు రెండుసార్లు ఉడుకుతున్నాను. ఈ ఉడుకు నాకిష్టం. ఎనభై రెండు దగ్గర నేను నోరు తెరిచిన ప్రతిసారీ నూకరాజు మొహం పక్కకి తిప్పుకుంటాడు. అతను చూసేదాకా నేను తెరుస్తూనే ఉంటాను.