బొగ్గు కందకం

కుర్మయ్య బావిలో ఆకుపచ్చరంగు కనబడుతుందని కెజియా అందరికీ ముందే చెప్పి పెట్టుకుంది. ఇప్పుడు అదే తలనొప్పి అయింది.

గుండ్లపోచంపల్లి దాటాక, మూతపడిన రసాయనాల షెడ్డుకు దిగువన ఉంది ఆ బావి. షెడ్డునుంచి నేలలోకి ఇంకిన ద్రావకం దాన్ని పాడుచేసినప్పటినుంచీ కుర్మయ్య తన బంతితోటను ట్యాంకరు నీళ్లతో సాకుతున్నాడు. పరిశోధక విద్యార్థిని కెజియా షెడ్డుకూ బావికీ నడుమ లోతైన కందకం తవ్వించి, బొగ్గుతోను ముతక ఇసుకతోను నింపించింది. బొగ్గు ద్రావకాన్ని పట్టి ఉంచుతుంది, నీరు సాగిపోతుంది. బావినీటిలో ద్రావకం కనబడడం మానింది కూడా. అయితే అది కందకం పుణ్యమా, లేక కందకం పూడుకుపోయి ఎగువ నీరే ఆగిపోయిందా? అది తేలనిదే బావి వాడుకకు అనుమతి రాదు. అందుకే ఆమె కందకానికి ఎగువనున్న పరీక్ష బోరులో హాని చేయని పచ్చరంగు కలిపింది. రావలసిన గడువు దాటినా, బావిలో రంగు జాడ లేదు.

“ఏంది బిడ్డా, నీ పచ్చనీళ్లు శామీర్‌పేట దిక్కు మళ్లినయా?” అన్నాడు కుర్మయ్య.

“నువ్వూకో. పిల్ల మొఖం జూడు ఎట్లయిందో,” అంది అతని భార్య సుక్కమ్మ.

కెజియా వెళ్లి కందకంలో మూడుచోట్ల దింపిన గొట్టాల్లోంచి సీసాల్లోకి నీరు తోడింది. ఎగువ అంచున చిక్కటి పచ్చన. నడుమ లేతపచ్చన. దిగువ అంచున గాజులా తేట. ఆ సీసాలను వరుసగా నిలబెట్టి కాసేపు చూసి, నెత్తి కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“కాకా, రంగును బొగ్గే పట్టుకుంది. పట్టుకునే గుణముందనే గదా నేను నింపించిన.”

“అంటే కాపలాకు కుక్కను కట్టేసింది నువ్వే, గది మొరిగిందని పరేషానయింది నువ్వే.”

“గంతే కాకా. ఇగ ఆ బోరుల ఉప్పు పోస్త. ఉప్పును బొగ్గు పట్టుకోదు.”

“తొక్కు పెడ్తవా ఏంది బావిల?” అంది సుక్కమ్మ.

ఉప్పు కలిసిన నీటిలో కరెంటు సులువుగా పారుతుంది; దాన్ని కొలిచే మీటరు బావిలో వేలాడదీసి, దాని అంకె చూసే పని కుర్మయ్యకు అప్పగించింది. ఒక ఉదయం ఫోను మోగింది.

“బిడ్డా, అంకె లేస్తాంది. జల్దీ రా.”

పేట్ బషీరాబాద్‌లో తల్లి వేసిన దోసె పెనంమీదే వదిలేసి కెజియా స్కూటరెక్కింది. అంకె నిజంగానే పెరుగుతోంది: నీరు కందకంలోంచే వస్తోంది. ఆ రోజు తీసిన నమూనాలో ద్రావకం లేదని ప్రయోగశాల తేల్చింది. కొన్నాళ్లకు అనుమతీ వచ్చింది.

మోటారు స్విచ్చి సుక్కమ్మ వేసింది. గొట్టం దగ్గి, ఉమ్మి, చివరికి ధార కట్టింది. కెజియా చెప్పులు విడిచి కాలువలో నిలబడింది. చల్లదనం మోకాళ్లదాకా ఎక్కింది. ఎండుటాకులు తోసుకుంటూ పారతో ముందు నడుస్తున్న కుర్మయ్యను నీళ్లు దాటిపోయాయి.

“జర ఆగవే,” అన్నాడతను నీళ్లతో, “తొవ్వ తీస్తున్న గదా.”