కాళ్ల నొప్పుల సెలవు

"ఇది మీ ఆయన రాసిందే కదమ్మా?" అంటూ పరిహారం కమిటీ ఆఫీసరు ఒక కాగితాన్ని ఈరక్క ముందుకు తోశాడు.

ఈరక్కకు చదువు రాదు. పక్కనున్న లాయరు స్వర్ణలత చదివి వినిపించింది: "రెండు దినాలుగా కాళ్లు నొప్పులెత్తి, తిమ్మిరెక్కి నడవలేకున్నాను. ఒక దినం సెలవు ఇవ్వగలరు. సుంకప్ప, లోడింగు కూలీ."

ఆ సెలవు మరుసటి రోజే ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సుంకప్పకు కరోనా సూది వేశారు. పదో రోజుకు నడుము కింద చచ్చుబడింది. నాలుగేళ్లుగా మంచమే. సూది వల్లే ఇలా అయిందని ఈ కమిటీ ఒప్పుకుంటేనే పరిహారం. జబ్బు సూదికి ముందే ఉందంటే ఫైలు మూసేస్తారు.

"అది అబద్ధం సార్. ఆ పొద్దు మహానందిలో మా ఆడబిడ్డ కూతురికి పుట్టెంటికలు తీపిచ్చిరి. మేనమామ లేకుంటే కత్తెర పెట్టరు. ఊరికే అడిగితే మేస్త్రీ సెలవిస్తాడా?"

"జ్వరమని రాయొచ్చు కదా?"

"నేనే కాళ్లని రాయమంటి సార్. జరమంటే మేస్త్రీ నుదురు పట్టి సూస్తాడు. కాళ్ల నొప్పులు ఉండాయో లేవో ఎవురికి తెలుస్తాది?"

"శానా తెలివైనదానివమ్మా. మరి నాకెట్ల తెలియాల?"

ఈరక్క గబగబా సంచిలోంచి ఆల్బం తీసింది. ఆడబిడ్డ మహేశ్వరిని బతిమాలి తెచ్చుకున్నది. మొదటి ఫోటోలో సుంకప్ప పీట మీద కూర్చున్నాడు, ఒళ్లో పాప. రెండోదాంట్లో మంగలి కత్తి, అదే ఒడి. గుండుకు గంధం పూసేటప్పుడూ ఒళ్లోనే. ఆఖరికి భోజనాల బంతిలోనూ కూర్చునే ఉన్నాడు.

"నిలబడిందొక్కటీ లేదామ్మా?"

"మేనమామ కూసోవాల కద సార్! కోనేట్లో మునిగినాడు, పాపను భుజానెత్తుకొని గుడి సుట్టూ తిరిగినాడు. మా ఆడబిడ్డ సూసింది."

"ఇంటోళ్ల మాట చాలదమ్మా."

అతడు ఫైల్లో ఒకే వాక్యం రాశాడు. మెట్లు దిగాక స్వర్ణలత అదేమిటో చెప్పింది: టీకాకూ జబ్బుకూ సంబంధం రుజువు కాలేదు.

ఇంట్లో సుంకప్ప వాకిలి వైపే చూస్తూ పడుకున్నాడు.

"ఫోటోలు సూపిస్తివా?"

"సూపిస్తి."

"ఏమనిరి?"

వీపు పుండ్లు పడకుండా పక్క మార్చే వేళయింది. ఈరక్క అతడి భుజం కింద చెయ్యి వేసి గోడ వైపుకు తిప్పింది.

"పాప బాగుందనిరి."